బుజ్జికుక్కకో ఫ్యామిలీ డాక్టర్

కుక్కపిల్లని కొనడానికి నెలరోజులు వెతుకుతాం. పది చోట్ల వాకబు చేస్తాం. దానికి వైద్యం చేసే డాక్టర్ని మాత్రం అది జబ్బుపడిన రాత్రి వెతుకుతాం. ఖర్చు తడిసి మోపెడయ్యేది అక్కడే. డాక్టర్ని ముందే ఎంచుకుంటే... ప్రాణమూ దక్కుతుంది, పర్సూ మిగులుతుంది!

కుక్కపిల్ల ఇంట్లో అడుగుపెట్టిన రోజు పండగే. పేరు కోసం పిల్లలు పోట్లాడుకుంటారు. నాన్న గొలుసూ పళ్లెం కొనుక్కొస్తాడు. ‘ఇల్లు పాడుచేస్తే ఊరుకోను’ అన్న అమ్మే సాయంత్రానికి దాని గిన్నెలో అన్నం కలుపుతుంటుంది. వారం తిరిగేసరికి అది ఇంట్లో మనిషైపోతుంది.

సరిగ్గా అప్పుడే ఓ రాత్రి వాంతులు మొదలవుతాయి. తెల్లారేసరికి నెత్తుటి విరేచనాలు. ఎవరికి ఫోన్ చేయాలో తెలియదు. కుక్కని అమ్మినవాణ్ని అడిగితే ‘ఏం కాదు సార్, మజ్జిగ పట్టండి’ అంటాడు. పక్కింటివాళ్లు ఓ పేరు చెబుతారు. మందుల షాపతను ఓ మాత్ర ఇస్తాడు. ఇలా ఒకటిన్నర రోజు గడిచాక, లేవలేని స్థితిలో ఉన్న పిల్లని తీసుకుని ఆసుపత్రికి పరుగెడతారు. సెలైన్లు, రక్తపరీక్షలు, ఇంజెక్షన్లు... బిల్లు వేలల్లో తేలుతుంది. అయినా బతుకుతుందన్న హామీ ఉండదు.

ఈ జబ్బు పేరు పార్వో. కుక్కపిల్లలకు అతి ప్రమాదకరమైన వాటిలో ఒకటి. దీన్ని ఆపే టీకా ఖర్చు వందల్లోనే ఉంటుంది. పెంపుడు జంతువుల వైద్యంలో డబ్బు లెక్కంతా దాదాపు ఇదే తీరు. ముందు వందలు పెట్టనిచోట తర్వాత వేలు పెట్టాలి. ఏ వంద ఎప్పుడు పెట్టాలో చెప్పేది మంచి డాక్టరు. అందుకే జంతువు ఆరోగ్యంగా ఉన్నప్పుడే డాక్టర్ని చూసి పెట్టుకోవాలి.

సూది వేసినవాళ్లంతా డాక్టర్లు కారు

మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్లేముందు బోర్డు మీద డిగ్రీ చూస్తాం. జంతువుల విషయంలో అంత పట్టింపు ఉండదు. కుక్కల్ని అమ్మేవాళ్లు టీకాలు వేసేస్తారు. పెట్ షాపులో పనిచేసే కుర్రాడు నట్టల మందు మోతాదు చెబుతాడు. ఏదో క్లినిక్‌లో కాంపౌండర్‌గా చేసినాయన ఇంటికొచ్చి సెలైన్ పెడతాడు.

చట్టం ఏం చెబుతోందంటే... 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం, రిజిస్టరైన పశువైద్యులే జంతువులకు వైద్యం చేయాలి. అందుకు కావాల్సిన కనీస అర్హత బీవీఎస్సీ అండ్ ఏహెచ్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ల చదువు. ఆ తర్వాత రాష్ట్ర పశువైద్య మండలిలో పేరు నమోదు చేయించుకుని నంబరు తీసుకోవాలి. ఎంవీఎస్సీ అని కూడా ఉంటే మెడిసిన్, సర్జరీ, గైనకాలజీ లాంటి ఏదో ఒక విభాగంలో పైచదువు చదివారన్నమాట. పల్లెల్లో ఉండే పశువైద్య సహాయకులు, గోపాలమిత్రల సేవలు విలువైనవే. కానీ వాళ్లు చేయదగిన పనులకు పరిమితులున్నాయి. రోగం ఏమిటో తేల్చి మందు రాయడం డాక్టరు పనే.

రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అది మందుల చీటీ మీదా, టీకాల కార్డు మీదా ఉండాలి. కుక్కల్ని అమ్మేవాళ్లు ‘టీకాలన్నీ అయిపోయాయి’ అంటూ ఇచ్చే కార్డును జాగ్రత్తగా చూడండి. టీకా సీసా మీది స్టిక్కరు, బ్యాచ్ నంబరు, తేదీ, డాక్టరు సంతకం... ఇవి లేకపోతే ఆ టీకా వేసినట్టు కాదు. ఏం చేయాలో డాక్టర్ని అడగాలి. మళ్లీ మొదటినుంచీ వేయించాల్సి రావచ్చు.

జబ్బు లేనప్పుడే వెళ్లాలి

మంచి డాక్టర్ని పోల్చుకోవడానికి సులువైన దారి ఒకటుంది. ఏ జబ్బూ లేనప్పుడు ఓసారి మామూలు పరీక్షకు తీసుకెళ్లడం. ఆ పావుగంటలో చాలా విషయాలు తెలుస్తాయి.

ముందుగా బరువు తూస్తున్నారా? జంతువులకు మందు మోతాదు బరువును బట్టే. నాలుగు కిలోల పామరేనియన్‌కూ నలభై కిలోల రాట్‌వీలర్‌కూ ఒకే లెక్క కుదరదు. చూసి ‘ఓ పది కిలోలుంటుంది’ అనేసే చోట కాస్త ఆలోచించాలి. థర్మామీటరు పెట్టారా? కుక్కల ఒంటి వేడి మనకన్నా ఎక్కువ. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉండటం మామూలే. చేయి పెట్టి చూసి జ్వరమని చెప్పేయడం సరికాదు. చిగుళ్లు, చెవులు, చర్మం, పొట్ట చూశారా? ఏం తింటోందో, ఎన్నిసార్లు మూత్రానికి వెళుతోందో అడిగారా? నోరులేని జీవి కాబట్టి సగం రోగం యజమాని చెప్పే మాటల్లోనే దొరుకుతుంది. ఆ మాటలు వినే ఓపిక లేని డాక్టరుకు ఎంత పేరున్నా మీకు ఉపయోగం తక్కువ.

టీకాలు ఎక్కడ నిల్వ చేస్తున్నారో గమనించండి. వాటిని 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఎండాకాలంలో బల్లమీద పెట్టిన సీసాలోంచి తీసి పొడిస్తే డబ్బూ పోతుంది, రక్షణా ఉండదు. కుక్క బెదిరితే డాక్టరు ఏం చేస్తున్నారన్నదీ ముఖ్యమే. మెడ వంచి అణిచిపెట్టేవాళ్ల దగ్గరికి రెండోసారి వెళ్లాలంటే అది గుమ్మం దగ్గరే మొరాయిస్తుంది. పిల్లిని తీసుకెళుతుంటే బుట్టలోనో బోనులోనో పెట్టి, మీద ఓ గుడ్డ కప్పండి. మొరిగే కుక్కల పక్కన దాన్ని కూర్చోబెట్టకుండా చూసుకోవాలి.

దూరం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఊరి చివరున్న పెద్ద ఆసుపత్రికన్నా పది నిమిషాల దూరంలో ఉన్న మామూలు క్లినిక్కే చాలా సందర్భాల్లో మేలు. రాత్రిళ్లు ఫోన్ తీస్తారా, లేకపోతే ఎవరి దగ్గరికి వెళ్లమంటారు అన్నది మొదటి రోజే అడగాలి. ఎక్స్‌రే, స్కానింగ్, ఆపరేషన్ సౌకర్యం తమ దగ్గర లేకపోతే ఎక్కడికి పంపుతారో తెలుసుకోవాలి. ‘ఇది నా వల్ల కాదు, ఫలానా చోటికి తీసుకెళ్లండి’ అని వేళకు చెప్పగలిగినవాళ్లే నిజంగా మంచి డాక్టర్లు.

ఖర్చు మొదలయ్యేది కొన్నప్పుడే

2003లో హచ్ సెల్‌ఫోన్ ప్రకటనలో ఓ పిల్లాడి వెంట బుడిబుడి నడకలతో తిరిగిన పగ్ గుర్తుందా? ఆ ప్రకటన చూసి ఎంతోమంది పగ్ కావాలన్నారు. ముద్దొచ్చే ఆ చప్పిడి మొహమే దానికి శాపం. ముక్కురంధ్రాలు ఇరుకు. ఎండాకాలంలో శ్వాస ఆడదు. ఉబ్బిన కళ్లకు తేలిగ్గా పుండ్లు పడతాయి. దట్టమైన బొచ్చుతో మంచు ప్రాంతాలకోసం పుట్టిన సైబీరియన్ హస్కీని మే నెల విజయవాడలో పెంచాలంటే కరెంటు బిల్లునీ వైద్యం ఖర్చులోనే కలుపుకోవాలి. జర్మన్ షెపర్డ్, లాబ్రడార్ లాంటి పెద్ద జాతుల్లో తుంటి కీలు సమస్యలు ఎక్కువ. ముప్ఫై కిలోల కుక్కకు మందూ, తిండీ మూడు కిలోలదానికి పదింతలు కాకపోయినా బాగానే ఎక్కువవుతాయి.

కుక్క కొనడానికి వేలు పోసి, టీకా దగ్గర వెనకాడితే ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టే. కొనకముందే ఓ పశువైద్యుణ్ని కలిసి ‘మా ఇల్లు ఇది, మా ఆదాయం ఇది, మేం ఇంట్లో ఉండేది ఇన్ని గంటలు... ఏ కుక్క నయం?’ అని అడగడం ఉత్తమం. వీధిలో పుట్టిన పిల్లని దత్తత తీసుకోవడం చాలా ఇళ్లకు సరిపోయే దారి. మన వాతావరణానికి అలవాటుపడిన ప్రాణం. కొనే ఖర్చూ ఉండదు. అలాగని వాటికి జబ్బులు రావనుకోకూడదు. పార్వోకీ, రేబిస్‌కీ జాతిభేదం లేదు. టీకాలు అన్నిటికీ ఒకటే.

ఆదా చేయకూడనివి అయిదు

ఖర్చు తగ్గించుకోవాలనుకునేవాళ్లు ముందు కోత పెట్టేది మామూలుగా వీటిమీదే. కానీ కోత పెట్టకూడనివీ ఇవే.

టీకాలు: పార్వో, డిస్టెంపర్, కామెర్లు తెచ్చే వైరస్, ఎలుకల మూత్రంతో వ్యాపించే లెప్టోస్పైరోసిస్ లాంటి వాటికి కలిపి ఒకే టీకా వస్తుంది. ఒక్క డోసుతో సరిపోదు. తల్లినుంచి వచ్చిన యాంటీబాడీలు తొలి వారాల్లో టీకాను పనిచేయనివ్వవు. అందుకే నాలుగు నెలల వయసు దాకా విడతలుగా వేస్తారు. ఆ కోర్సు పూర్తయ్యేవరకూ పిల్లని వీధిలో ఇతర కుక్కలతో కలవనివ్వకూడదు. పార్వో వైరస్ నేలమీద నెలల తరబడి బతికే ఉంటుంది.

రేబిస్ సంగతి వేరే చెప్పాలి. దీనికి టీకా వేయించేది కుక్క కోసమే కాదు, ఇంట్లో పిల్లల కోసం. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బునుంచి కోలుకోవడం దాదాపు అసాధ్యం. ప్రపంచవ్యాప్తంగా రేబిస్ మరణాల్లో మూడోవంతుకు పైగా మన దేశంలోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పెంపుడు కుక్కే కదా అని వదిలేయకూడదు. కరిచినా, గీరినా వెంటనే కారే నీటికింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

నట్టల మందు: పాలు తాగే వయసునుంచే కడుపులో నట్టలుంటాయి. పిల్లలకు పదిహేను రోజులకోసారి, తర్వాత నెలకోసారి, పెద్దవాటికి సుమారు మూడు నెలలకోసారి వేయాల్సి ఉంటుంది. ఖర్చు చాలా తక్కువ. వేయకపోతే ఎంత తిన్నా ఒంటపట్టదు. ఇంట్లో పాకే పిల్లలకూ ఆ నట్టలు అంటుకోవచ్చు.

గోమార్ల మందు: మన వేడికీ తేమకీ గోమార్లు ఏడాదంతా ఉంటాయి. చెవిలోపల, కాలివేళ్ల మధ్య దాక్కుంటాయి. ఇవి తెచ్చే జ్వరంలో రక్తం పలచబడిపోతుంది, తిండి మానేస్తుంది, ఒక్కోసారి ముక్కునుంచి నెత్తురు కారుతుంది. ఎర్లీకియా అనే రకానికి సుమారు నాలుగు వారాలు మాత్రలు వాడాలి. అయిదో రోజున అన్నం తినగానే మందు ఆపేస్తే జబ్బు మళ్లీ తిరగబెడుతుంది. రెండో బిల్లు మొదటిదానికన్నా పెద్దది. ఒక్క హెచ్చరిక... కుక్కలకు రాసే గోమార్ల మందు పిల్లులకు రాయకండి. వాటిల్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లి ప్రాణం తీస్తుంది.

కు.ని. ఆపరేషన్: ‘పిల్లల్ని పెట్టించం కదా, అనవసరంగా కోయించడం ఎందుకు’ అంటారు చాలామంది. ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో వయసు పెరిగాక గర్భసంచిలో చీము పట్టే జబ్బు వస్తుంటుంది. ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాల తర్వాత నీళ్లు అతిగా తాగడం, తిండి మానేయడం, పొట్ట ఉబ్బడం, చెడు వాసనతో స్రావం... ఇవీ లక్షణాలు. అప్పుడు చేసేది అత్యవసర ఆపరేషన్. ఖర్చూ ఎక్కువే, ప్రమాదమూ ఎక్కువే. వేళకు కు.ని. చేయిస్తే ఈ భయం ఉండదు, రొమ్ము గడ్డల ముప్పూ తగ్గుతుంది. ఏ వయసులో చేయించాలన్నది జాతిని బట్టి డాక్టరు చెబుతారు.

తిండి: ఖరీదైన డబ్బా తిండే పెట్టాలని లేదు. అలాగని ఉత్తి పాలన్నం సరిపోదు. గుడ్డు, మాంసం లాంటి ప్రొటీన్ కావాలి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష పనికిరావు. ఆదివారం కోడికూర అయ్యాక మిగిలిన ఎముకల్ని కుక్కకు వేయడం మన ఇళ్లలో మామూలే. ఉడికిన ఎముక సూదుల్లా చీలుతుంది. పేగుల్లో గుచ్చుకుంటే ఆపరేషనే.

ఆగొచ్చా... ఆగకూడదా?

ప్రతి తుమ్ముకూ డాక్టరు దగ్గరికి పరుగెత్తనక్కర్లేదు. పెద్ద కుక్క ఒకపూట తిండి మానేసి, హుషారుగా తిరుగుతుంటే ఓ రోజు చూడొచ్చు. ఒక్కసారి వాంతి చేసుకుని మామూలుగా ఆడుకుంటుంటే కాసేపు కడుపుకి విశ్రాంతినిచ్చి గమనించవచ్చు. ఇలాంటప్పుడు తెలిసిన డాక్టరుకు ఫోన్ చేసి అడిగితే చాలు. ఆ చనువు ముందునుంచీ ఉండాలి మరి!

కొన్నిటికి మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. చిన్నపిల్ల పదేపదే వాంతులు చేసుకోవడం, నెత్తుటి విరేచనాలు, పొట్ట డోలులా ఉబ్బి వాంతి రాక ఇబ్బంది పడటం, ఫిట్స్, చిగుళ్లు తెల్లగా లేదా నీలంగా మారడం, ఎండదెబ్బ, పాముకాటు, ఎలుకల మందు తినడం... వీటిలో ప్రతి గంటా విలువైనదే. మగపిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుని చుక్క కూడా పోయలేకపోతుంటే మలబద్ధకం అనుకుని ఊరుకోకండి. దారి మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది.

ఇంట్లో ఉన్న మాత్రలు మాత్రం వేయొద్దు. మనం జ్వరానికి మింగే పారాసిటమాల్ ఒక్కటి చాలు పిల్లిని చంపడానికి. మన నొప్పి మాత్రలు కుక్కల కడుపులో పుండ్లు పెడతాయి, మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి. పది రూపాయలు మిగిల్చే ఆ మాత్రే ఆసుపత్రి బిల్లులో పెద్ద అంకె అయి కూర్చుంటుంది.

బిల్లు గురించి అడగొచ్చు... తప్పు లేదు

ప్రాణం మీదికొచ్చినప్పుడు డబ్బు గురించి మాట్లాడటానికి చాలామందికి నోరు రాదు. కుక్కమీద ప్రేమ లేదనుకుంటారేమోనని సంకోచం. చివరికి బిల్లు చూసి గుండె జారిపోతుంది. తర్వాతి సందర్శన మానేస్తారు. సగంలో ఆగిన వైద్యం వల్ల నష్టపోయేది ఆ జంతువే.

అసలు పద్ధతి ఏమిటంటే... మొదటే స్పష్టంగా చెప్పడం. ‘డాక్టరు గారూ, మేం ఇంతవరకు పెట్టగలం. అందులో ఏది ముందు చేయాలి?’ అనడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఈ పరీక్షలో ఏం తేలితే వైద్యం మారుతుంది? మారనప్పుడు అది ఇవాళే అవసరమా? ఆసుపత్రిలో ఉంచాలా, రోజూ తీసుకొచ్చి సెలైన్ పెట్టించుకోవచ్చా? ఇదే మందు తక్కువ ధరలో మరో కంపెనీది ఉందా? ఆపరేషన్ అంటే మత్తు, మందులు, తర్వాతి డ్రెస్సింగులు అన్నీ కలిపి ఎంత? ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పేవారు మీ డాక్టరు. పెద్ద వైద్యమైతే అంచనా కాగితం మీద రాయించుకోండి.

మరోమాట... నాలుగు వందలు తగ్గుతుందని ప్రతిసారీ డాక్టర్ని మార్చడం వల్ల లాభంకన్నా నష్టమే ఎక్కువ. కొత్తచోట పరీక్షలన్నీ మళ్లీ మొదలవుతాయి. పాత రిపోర్టులు, మందుల చీటీలు, ఎక్స్‌రేలు ఒక ఫైలులో దాచిపెడితే ఆ ఖర్చు తప్పుతుంది. పెద్ద ఆపరేషన్ అన్నప్పుడు రెండో అభిప్రాయం తీసుకోవడం మాత్రం మంచిదే. ఆ ఫైలు అప్పుడూ పనికొస్తుంది.

తక్కువ ఖర్చుతో దారులు

ప్రభుత్వ పశువుల ఆసుపత్రి అంటే ఆవులకూ గేదెలకే అనుకుంటారు. కుక్కలు, పిల్లులకూ అక్కడ వైద్యం చేస్తారు. హైదరాబాద్ నారాయణగూడ, విజయవాడ లబ్బీపేటల్లో సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలలు ఉన్నాయి. పశువైద్య కళాశాలల ఆసుపత్రులు మరో మంచి ఆసరా. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి కళాశాలలు ఉన్నాయి. నిపుణులైన ప్రొఫెసర్లు చూస్తారు. కాకపోతే వేళలు పాటించాలి, వరసలో కూర్చునే ఓపిక ఉండాలి. ఏ పరికరం, ఏ విభాగం అందుబాటులో ఉందో ఫోన్‌లో కనుక్కుని బయల్దేరడం మంచిది.

ఏటా జులై 6 ప్రపంచ జూనోసిస్ దినం. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ ఓ బాలుడికి తొలి రేబిస్ టీకా వేశారు. ఆ సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. సెప్టెంబరు 28న ప్రపంచ రేబిస్ దినం నాడూ చాలాచోట్ల శిబిరాలుంటాయి. కేలండరులో ఈ రెండు తేదీలూ గుర్తుపెట్టుకుంటే సరి.

కొన్ని సాధారణ బీమా సంస్థలు కుక్కలకూ పాలసీలు ఇస్తున్నాయి. కట్టేముందు చిన్న అక్షరాలు చదవాలి. ఏ వయసులోపు చేర్చుకుంటారు, ఎన్నాళ్లు ఆగాలి, ముందే ఉన్న జబ్బులకు వర్తిస్తుందా అన్నవి చూసుకోవాలి. టీకాల ఖర్చు సాధారణంగా రాదు. పాలసీ అక్కర్లేదనుకుంటే ఇంట్లోనే ఓ పద్ధతి ఉంది. నెలకు అయిదొందలు కుక్క పేరున పక్కన పెడితే ఏడాదికి ఆరు వేలు. రెండేళ్లు ఏ జబ్బూ రాకపోతే పన్నెండు వేలు. అర్ధరాత్రి ఆసుపత్రి తలుపు తట్టడానికి ఆ ధైర్యం చాలు.

చివరి నిర్ణయం

కుక్క ఆయుష్షు సుమారు పది పన్నెండేళ్లు. పిల్లలు స్కూల్లో చేరినప్పుడు వచ్చింది వాళ్లు కాలేజీకి వెళ్లేసరికి ముసలిదవుతుంది. మూత్రపిండాలు దెబ్బతింటాయి. గడ్డలు తేలతాయి. అప్పుడు ‘ఎంత ఖర్చయినా సరే’ అనడం ప్రేమ కావచ్చు. కానీ అడగాల్సిన ప్రశ్న మరొకటి. ఈ వైద్యంతో దానికి మంచి రోజులు మిగులుతాయా, బాధే పొడిగుతుందా? తింటోందా, నొప్పి లేకుండా పడుకుంటోందా, తనంతట తాను లేవగలుగుతోందా... ఈ మూడింటికీ రోజుల తరబడి ‘లేదు’ అన్న జవాబే వస్తుంటే డాక్టరు కారుణ్య మరణం గురించి మాట్లాడవచ్చు.

ఆ మాట ఎవరికీ వినాలనిపించదు. పదేళ్లుగా మీ కుక్కని ఎరిగిన డాక్టరు చెబితే నమ్మగలుగుతారు. మొదటిసారి చూసిన డాక్టరు చెబితే ఇంకో ఆసుపత్రికి పరుగెడతారు. డబ్బు పోయిన బాధకన్నా, దాన్ని చివరి రోజుల్లో తిప్పి కష్టపెట్టామన్న బాధే ఎక్కువకాలం ఉంటుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం దేనికి? ఇంట్లో కుక్కో పిల్లో ఉందా? ఇప్పుడది హాయిగా తిని నిద్రపోతోందా? అయితే డాక్టర్ని వెతకడానికి ఇదే సరైన సమయం.

ఏ వయసులో ఏది?

• పదిహేను రోజులనుంచి: డాక్టరు చెప్పిన మోతాదులో నట్టల మందు.
• ఆరు నుంచి ఎనిమిది వారాలు: పార్వో, డిస్టెంపర్ల తొలి టీకా. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాల వయసు వరకూ.
• మూడు నెలలు: తొలి రేబిస్ టీకా. బూస్టరు తేదీని కార్డుమీద రాయించుకోవాలి. నగరపాలక సంస్థ లైసెన్సుకూ ఈ కార్డు అవసరం.
• ఏటా: టీకాల బూస్టర్లు, ఓసారి పూర్తి పరీక్ష.
• ఏడేళ్లు దాటాక: ఆరు నెలలకోసారి పరీక్ష. రక్తం, మూత్రపిండాలు, పళ్లు చూపించడం మేలు.